ఆట తెలిసినవారున్నారు, ఆడే చోటే లేదు

వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా ఒక బోర్డు కనిపిస్తుంది. 'తెలంగాణ క్రీడా ప్రాంగణం' అని దాని మీద రాసి ఉంటుంది. బోర్డు వెనుక వాలీబాల్ స్తంభాలు, దూకడానికి ఒక గుంట, వ్యాయామానికి ఇనుప కడ్డీలు ఉంటాయి. కొన్ని ఊళ్లలో సాయంత్రమైతే యువకులు అక్కడ చేరి ఆడుకుంటున్నారు. మరికొన్ని ఊళ్లలో బోర్డు చుట్టూ తుమ్మ మొక్కలు లేచి, మేకలు మేస్తున్నాయి.

అదే ఊళ్లో అరవై దాటిన ఏ అమ్మనైనా వామనగుంటలు ఎట్లా ఆడతారని అడిగి చూడండి. మాటకన్నా ముందు చెయ్యి కదులుతుంది. గుప్పెట్లో లేని చింతగింజలను ఒక్కొక్కటిగా లేని గుంటల్లో వేసుకుంటూ పోతుంది. ఆటను ఆ చెయ్యి మరిచిపోలేదు. కాని ఇంట్లో మనుమరాలికి ఆ ఆట పేరు కూడా తెలియదు.

ఊళ్లో ఆట తెలిసిన పెద్దలున్నారు, ఆడే ఈడు పిల్లలున్నారు, ఆట కోసమని కేటాయించిన స్థలం కూడా ఉంది. అయినా ఆట లేదు. పెద్దలు ఇంటి వసారాలో, పిల్లలు ఫోను ముందు, స్థలం ఊరి చివర ఉండిపోయాయి. ఈ మూడింటినీ ఒక్కచోటికి తేగలిగితే మన ఆటలు తిరిగి వస్తాయి. అందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. కాని ఎక్కువ కాలం ఆగడానికి కూడా వీల్లేదు. ఆట నియమాలు తెలిసిన తరం ఇప్పుడు అరవై, డెబ్బయి ఏళ్ల మీద ఉంది.

ఏ ఆటకు ఏ చోటు

మన ఆటలు ఎక్కడ పడితే అక్కడ ఆడేవి కావు. ప్రతి ఆటకూ ఒక చోటు, ఒక వేళ, ఒక జట్టు ఉండేవి.

పాత ఇళ్లకు వీధివైపు అరుగు ఉండేది. అష్టాచెమ్మ అక్కడి ఆట. అడ్డం 5, నిలువు 5, మొత్తం 25 గళ్లు. సుద్దతోనో బొగ్గుతోనో గీసేవారు. నాలుగు గవ్వలు, అవి లేకుంటే ఒకవైపు అరగదీసిన చింతగింజలు ఉంటే చాలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. ఇద్దరు మొదలుపెడితే నలుగురు చేరేవారు, చుట్టూ మరో పదిమంది నిలబడి సలహాలిచ్చేవారు. వీధిలో పోయేవారు కూడా ఆగి ఒక పావును చూపించి పోయేవారు.

వామనగుంటలు మధ్యాహ్నపు ఆట. కొన్నిచోట్ల ఓనగుంటలు అంటారు. రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, మొత్తం 14. ఇంటి పనులయ్యాక ఆడవాళ్లు వసారాలో కూర్చుని ఆడేవారు. చెక్క పలక ఉన్న ఇల్లు కొంచెం కలిగిన ఇల్లు. లేనివారు మట్టి నేలలోనే గుంటలు తీసుకునేవారు. గింజలు పంచడంలో లెక్క తప్పితే ఆట పోతుంది. బడికి వెళ్లని ఆడపిల్లలు ఎందరో కూడికలు, తీసివేతలు ఈ గుంటల దగ్గరే నేర్చుకున్నారు.

గచ్చకాయలు గడప దగ్గరి ఆట. అయిదు కాయలను ఎగరేసి పట్టుకునే ఈ ఆటలో చేతి ఒడుపు, చూపు రెండూ కలవాలి. తొక్కుడు బిళ్ల సానుపు చల్లిన వాకిట్లో ఆడేది. పులి-మేక రచ్చబండ మీద, గుడి మెట్ల మీద, పశువులు కాచే పిల్లలైతే గుట్ట బండల మీద గీసుకునేవారు. 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. పులి మేక మీది నుంచి దూకి చంపుతుంది. మేకలు గుంపు కట్టి పులికి కదలడానికి దారి లేకుండా చేస్తే మేకలదే గెలుపు. దాడి ఆటకు ఒకదానిలో ఒకటిగా మూడు చదరాలు, ఒక్కొక్కరికి తొమ్మిది పావులు. మూడు పావులు ఒక వరుసన పేర్చి 'దాడి' అంటే ఎదుటివాడి పావు ఒకటి పోయినట్టే.

కోతికొమ్మచ్చికి చింతచెట్టు, మర్రిచెట్టు. దాగుడుమూతలకు గడ్డివాములు. చిర్రగోనె, గోటీలు, ఏడుపెంకులు పంట కోసిన చేలలో, ఖాళీ జాగాల్లో. కాముని పున్నమికి ముందు వెన్నెల రాత్రుల్లో జాజిరి. భాద్రపదంలో పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా చేసుకునే బొడ్డెమ్మ. ఆ తరువాత ఊరంతా కలిసి బతుకమ్మ.

ఈ జాబితా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఏ ఒక్క ఆటకూ ఊరి చివర మైదానం అక్కరలేదు. అన్నీ ఇంటి గడప నుంచి చెరువుగట్టు దాకా, మనుషులు తిరిగే దారిలోనే ఉన్నాయి. పని చేసుకుంటూ తల్లి ఒక కన్ను వేసి ఉంచేది. తాత పక్కనే కూర్చుని తగవు తీర్చేవాడు. ఆట నేర్పడానికి ఎవరూ ప్రత్యేకంగా కూర్చోలేదు. చూస్తూ చూస్తూ పిల్లలే నేర్చుకున్నారు.

ఓరుగల్లు ఆటల చరిత్ర

ఆటపాటల విషయంలో మన ప్రాంతానికి లిఖితపూర్వకమైన సాక్ష్యం కావలసినంత ఉంది. పాలకుర్తి గడ్డ మీది కవి పాల్కురికి సోమనాథుడు తన 'పండితారాధ్య చరిత్ర'లో ఆనాటి జనం వినోదాలను పేరు పేరునా చెప్పాడు. 'క్రీడాభిరామం' అనే పుస్తకమైతే కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో ఇద్దరు మిత్రులు తిరుగుతూ చూసిన విశేషాలే. కోడిపందేలు, పొట్టేళ్ల పోట్లు, కథలు చెప్పేవారు, అంగళ్లు అన్నీ అందులో ఉన్నాయి. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కన పెట్టి, సామాన్యులు ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అన్నది ఇటువంటి పుస్తకాల నుంచే ఏరి కూర్చారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు తొలి బహుమతి ఆ పుస్తకానికే ఇచ్చింది.

పోయిందనుకున్నది తిరిగి వచ్చిన ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. గణపతిదేవుని గజసేనాని జాయప 1253-54లో 'నృత్తరత్నావళి' రాశాడు. అందులో చెప్పిన పేరిణి నాట్యం కాలక్రమాన ఎవరికీ రాకుండా పోయింది. 1213లో కట్టిన రామప్ప గుడి శిల్పాలను, జాయప గ్రంథాన్ని పక్కపక్కన పెట్టి చూసి నటరాజ రామకృష్ణ దాన్ని మళ్లీ నిలబెట్టారు. 1985 శివరాత్రికి రామప్ప గుడి వద్దనే పేరిణిని ప్రదర్శించారు. రామప్పకు 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

పేరిణికి రాయి సాక్ష్యంగా ఉంది, గ్రంథం ఆధారంగా ఉంది. వామనగుంటలకు అవి లేవు. ఆ ఆట మన అమ్మమ్మల చేతుల్లో మాత్రమే ఉంది. ఒకసారి పోతే వెతికి తెచ్చుకోవడానికి శిల్పం ఉండదు. ఈ తేడాను గుర్తు పెట్టుకోవాలి.

చోటు ఎట్లా పోయింది

ముప్పయి నలభై ఏళ్లలో ఊరి రూపు మారింది. సిమెంటు రోడ్డు ఎత్తుగా వచ్చి అరుగును మింగింది. మిగిలిన అరుగు ప్రహరీ గోడ లోపలికి పోయింది. సానుపు చల్లిన వాకిలి మోటారు సైకిళ్లు నిలిపే చోటైంది. ఖాళీ జాగాలు ప్లాట్లయ్యాయి. చింతచెట్లు రోడ్డు వెడల్పుకు పోయాయి. గడ్డివాములు తగ్గాయి. వరి కోతకు యంత్రం వచ్చాక కళ్లాల్లో జనం గుమికూడటమూ తగ్గింది.

ఇందులో తప్పు ఎవరిదని చెప్పలేం. పక్కా ఇల్లు, మంచి రోడ్డు ఊరికి కావలసినవే. ఆడపిల్ల వామనగుంటల దగ్గర కాక బడిలో లెక్కలు నేర్చుకోవడం సంతోషించదగినదే. అయితే రోడ్డు వేసేటప్పుడు అరుగు పోతుందని, అరుగుతో పాటు నాలుగు ఆటలు పోతాయని ఎవరికీ తట్టలేదు. తట్టి ఉంటే ఆ నాలుగడుగుల చోటును మరోచోట ఇచ్చి ఉండేవారు.

ఫోను వచ్చి ఆటలను చంపిందని అందరూ అంటారు. అది సగం నిజం. 2020 లాక్‌డౌన్ రోజుల్లో ఇంటింటా పెద్దలు, పిల్లలు కలిసి ఫోనులో లూడో ఆడారు. లూడో ఎక్కడిదో కాదు, మన పచ్చీసు ఆటనే మార్చి ఇంగ్లాండులో తమ పేర హక్కు నమోదు చేయించుకున్న ఆట. అంటే పచ్చీసు మీద పిల్లలకు మనసు పోలేదు. గవ్వలు పరిచే చోటు పోయింది, ఆ ఖాళీలోకి ఫోను వచ్చింది.

బతుకమ్మ ఎందుకు నిలిచింది

అన్ని ఆటలూ పలచబడుతుంటే బతుకమ్మ మాత్రం పెరిగింది. 2014లో రాష్ట్ర పండుగ అయింది. 2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9 వేల మందికి పైగా మహిళలు ఒక్కసారిగా ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. ప్రభుత్వ గుర్తింపు ఒక కారణమే. కాని అంతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. బతుకమ్మ తన చోటును వదులుకోలేదు.

హనుమకొండలో పద్మాక్షి గుట్ట కింద, వేయిస్తంభాల గుడి వద్ద, భద్రకాళి చెరువు వద్ద ఎంగిలిపూల నాడు, సద్దుల నాడు ఎందరు చేరతారో జిల్లావాసులకు చెప్పనక్కరలేదు. ఊళ్లలో గుడి ముందో, వాడ నడుమనో ఆ చోటు ఉంది. ఆ తరువాత చెరువుగట్టు ఉంది. మిషన్ కాకతీయ పనుల్లో కొన్ని చెరువులకు బతుకమ్మ ఘాట్లు కూడా కట్టారు. తొమ్మిది రోజులు ఆ చోటులో మరో పని జరగదు.

మరో విశేషం చూడండి. బతుకమ్మ పాటలు ఎవరూ బడిలో నేర్పరు. ఒకరు చెబితే మిగిలినవారు అందుకుంటారు. రాని పిల్ల వలయంలో కలిసి చప్పట్లు కొడుతుంది. మూడో ఏటికి పాట వచ్చేస్తుంది. ఆరేళ్ల పిల్ల, అరవై ఏళ్ల అవ్వ ఒకే వలయంలో నడుస్తారు. చోటు, వేళ, పెద్దా చిన్నా కలయిక, ఈ మూడూ ఉన్నాయి కనుకే బతుకమ్మ నిలిచింది. మిగిలిన ఆటలకూ ఈ మూడూ కల్పించడమే మనం చేయవలసిన పని.

ఉన్న స్థలంలో ఏముంది, ఏమి లేదు

తెలంగాణ క్రీడా ప్రాంగణాల పథకం 2022 జూన్ 2న మొదలైంది. ప్రతి పంచాయతీలో ఆటస్థలం ఉండాలన్నది ఉద్దేశం. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, లాంగ్‌జంప్, వ్యాయామ కడ్డీలు ఏర్పాటు చేశారు. ఉద్దేశం మంచిది. కబడ్డీ, ఖోఖో మన ఆటలే.

అయితే ప్రభుత్వ భూమి ఎక్కడ దొరికితే అక్కడే స్థలం ఇవ్వవలసి వచ్చింది. కొన్ని ఊళ్లలో అది గుట్ట పక్క, మరికొన్ని ఊళ్లలో శ్మశానం దారిలో, చెరువు శిఖంలో పడింది. నీడ లేదు, నీళ్లు లేవు, కూర్చోవడానికి బల్ల లేదు. సాయంత్రం వెలుతురు లేదు. ఇరవై ఏళ్ల యువకుడు అంత దూరం వెళ్లి ఆడతాడు. ఎనిమిదేళ్ల పిల్లను ఏ తల్లి పంపుతుంది? డెబ్బయి ఏళ్ల అవ్వ ఏమి చూసి వెళుతుంది? ఆ స్థలం యువకులకు మాత్రమే సరిపోయేలా తయారైంది. ఆడపిల్లలకు, ముసలివారికి, అయిదారేళ్ల పిల్లలకు అందులో చోటు లేదు. మన ఆటల్లో సగం వీరివే.

నగరంలో జరిగిన ప్రయత్నాలు

వరంగల్ నగరంలో ఈ దిశగా కొంత పని జరిగింది. కేంద్రం 2015లో ప్రారంభించిన హృదయ్ పథకానికి ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ ఒకటి. ఆ పథకం కింద భద్రకాళి చెరువు కట్టను తీర్చిదిద్దారు. నడిచే బాట, కూర్చునే చోట్లు వచ్చాయి. అంతకుముందు పూజకు మాత్రమే వచ్చేవారు, ఆ తరువాత పిల్లాపాపలతో సాయంత్రాలు గడపడానికి కూడా రాసాగారు.

2020లో కేంద్రం అయిదేళ్లలోపు పిల్లలకు, వారిని చూసుకునే తల్లులకు, అవ్వలకు అనువైన చోట్లు తయారు చేయాలని నగరాల మధ్య ఒక పోటీ పెట్టింది. 2022లో చివరకు ఎంపికైన 10 నగరాల్లో వరంగల్ కూడా ఉంది. ఈ పనిలో పాటించిన ఒక పద్ధతి పల్లెలకు పనికివచ్చేది. మొదటే సిమెంటు పోయరు. ముందు రంగులతో, తాత్కాలిక వస్తువులతో తక్కువ ఖర్చులో చేసి చూస్తారు. పిల్లలు ఎక్కడ ఆగుతున్నారు, దేన్ని వదిలేస్తున్నారు, తల్లులు ఎక్కడ కూర్చుంటున్నారు అని కొన్నాళ్లు గమనిస్తారు. పనికివచ్చినదాన్నే శాశ్వతంగా కడతారు.

ఇదే పని ఊళ్లో సుద్దముక్కతో చేయవచ్చు. గుడి ముందు గచ్చు మీద అష్టాచెమ్మ గీసి నెల రోజులు చూడండి. పిల్లలు చేరితే అక్కడే రాయి వేయండి. చేరకపోతే మరోచోట గీయండి. పోయేది ఒక సుద్దముక్క.

ఇతర చోట్ల

ఆటను రాయిలో పెట్టడం కొత్త ఆలోచన కాదు. హంపీలో మంటపాల అరుగుల మీద, బండల మీద చెక్కిన ఆట గళ్లు నేటికీ ఉన్నాయి. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ప్రాంగణంలో నేల మీదే పచ్చీసు పరిచి ఉంది. అక్కడ మనుషులనే పావులుగా నిలబెట్టి ఆడేవారని చెప్పుకుంటారు. మన దాడి ఆట గళ్లు ఇంగ్లాండులో పాత చర్చిల రాతి బల్లల మీద కనిపిస్తాయి. వామనగుంటల చుట్టాలు తమిళనాట పల్లాంకుళి పేరుతోనూ, ఆఫ్రికా దేశాల్లో రకరకాల పేర్లతోనూ ఉన్నాయి. అక్కడ కొన్నిచోట్ల ఇప్పటికీ చెట్ల కింద పెద్దలు గుంటల పలక ముందు కూర్చుంటారు. మైసూరులో రామ్‌సన్స్ కళా ప్రతిష్ఠాన్ అనే సంస్థ పాత ఆటల పలకలను చేతిపనివారితో చేయించి ప్రదర్శిస్తున్నది.

బడుల్లో కూడా కదలిక ఉంది. చిర్రగోనె వంటి ఆటలతో సహా 75 దేశీయ ఆటలను పాఠశాలల్లో ప్రోత్సహిస్తామని కేంద్ర విద్యాశాఖ 2022లో ప్రకటించింది. ఆదేశం ఢిల్లీ నుంచి రావచ్చు. కాని మన ఊరి చిర్రగోనెకు లెక్క ఎట్లా కడతారో ఢిల్లీకి తెలియదు. అది ఊళ్లోనే దొరకాలి.

పంచాయతీ ఏమి చేయవచ్చు

ఒకటి, చోటు. ఊరి చివరి ప్రాంగణాన్ని పెద్ద ఆటలకు ఉంచండి. కూర్చుని ఆడే ఆటలకు ఊరి నడుమ, బడి పక్కనో, అంగన్‌వాడీ ముందో, గుడి దగ్గరో, బస్సు ఆగే చోటో చిన్న జాగా చూడండి. ఇరవై అడుగుల చదరం చాలు. నీడనిచ్చే వేప, కానుగ, రావి ఉన్నచోటైతే సగం పని అయినట్టే. చెట్టు లేకుంటే ఈ వానాకాలమే ఒకటి నాటాలి.

రెండు, అరుగు. చెట్టు చుట్టూ మోకాలి ఎత్తు అరుగు కట్టాలి. మరీ ఎత్తు పెడితే అవ్వలు ఎక్కలేరు. అరుగు మీద నాపరాళ్లు పరిచి, ఒక రాయి మీద అష్టాచెమ్మ, మరో రాయి మీద పులి-మేక, ఇంకొకదాని మీద దాడి గళ్లు చెక్కించాలి. రంగు వేస్తే ఏడాదికి పోతుంది. చెక్కితే రెండు తరాలు ఉంటుంది. రాతిపని చేసే ఒడ్డెరలు చుట్టుపక్కలే ఉన్నారు. వామనగుంటలకు రాయిలో 14 గుంటలు తీయించి, నీరు నిలవకుండా కొంచెం వాలు పెట్టాలి. గుంట మరీ లోతైతే గింజలు తీయడం కష్టం. గుంటలో మూడు వేళ్లు ఆడితే చాలు.

మూడు, నేల. అరుగు పక్కన గట్టి నేల మీద తొక్కుడు బిళ్ల గళ్లు వేయాలి. గడి రెండడుగుల చొప్పున అష్టాచెమ్మ నేల మీద వేస్తే పది అడుగుల చదరం అవుతుంది. పిల్లలే పావులై నిలబడవచ్చు. బడి పిల్లలకు అంతకన్నా సరదా ఉండదు. చిర్రగోనెను మాత్రం ఇక్కడికి తేకూడదు. చిర్ర కంటికి తగిలితే కన్ను పోతుంది. దానికి దూరంగా, ఎదుట ఎవరూ తిరగని చోటు కావాలి.

నాలుగు, వేళ. ఆదివారం సాయంత్రం ఒక గంట, వేసవి సెలవుల్లో రోజూ ఒక పూట అని ఊరు అనుకోవాలి. మహిళా సంఘాల సమావేశం నెలకు ఎట్లాగూ జరుగుతుంది. అది అరుగు దగ్గర పెట్టుకుంటే అవ్వలూ మనుమరాళ్లూ కలుస్తారు. నేర్పేవారికి జీతం ఇవ్వనక్కరలేదు. ఒక గ్లాసు చాయ, నలుగురిలో గౌరవం చాలు.

అయిదు, సామగ్రి. చింతగింజలు, గచ్చకాయలు, గవ్వలు కొనవలసినవి కావు, ఏరుకోవలసినవి. ఇక వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసే డర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డర్రీ మీద అష్టాచెమ్మ గళ్లు, పచ్చీసు గళ్లు నేసి ఇస్తే బడికి, అంగన్‌వాడీకి పనికివస్తుంది. వానపడితే మడిచి లోపల పెట్టుకోవచ్చు. నేతగానికి కొంత పని దొరుకుతుంది. చేర్యాల నకాషీ చిత్రకారుల చేత గోడ మీద ఆటల బొమ్మలు వేయిస్తే చూసిన పిల్లలు ఇదేమిటని అడుగుతారు. అడిగితేనే కదా పెద్దలు చెప్పేది.

అందరి చోటు కావాలి

పాతకాలంలో అంతా మంచే ఉండేదని అనుకోనక్కరలేదు. రచ్చబండ అందరిదీ కాదు. ఆడవాళ్లు దాని మీద కూర్చునేవారు కారు. దళితవాడ పిల్లలు ఊరి నడుమ అరుగుల మీద ఆడలేదు, వారి ఆటలు వారి వాడలోనే సాగాయి. ఆట వాళ్లకూ వీళ్లకూ ఒకటే, చోటు మాత్రం వేరు. కొత్తగా కట్టే అరుగు ఈ తేడాలను మళ్లీ తేకూడదు. ఒక వాడవారి ఇంటి ముందు పెడితే మరో వాడవారు రారు. ఏ వాడ పిల్లలైనా బెరుకు లేకుండా వచ్చే చోటు, బడి పక్క లాంటిది, అందుకే మంచిది.

అట్లాగే పాతదల్లా తిరిగి తేవాలని కూడా కాదు. కోడిపందేలను చట్టం ఒప్పుకోదు. డబ్బు పెట్టి పచ్చీసు ఆడితే అది ఆట కాదు, జూదం. పందెం ఉన్నచోటికి తల్లులు పిల్లలను పంపరు. అరుగు మీద పందెం పెట్టరాదని, తాగి రారాదని ఊరు మొదటే కట్టడి చేసుకోవాలి. లేకుంటే నెల తిరక్కుండానే ఆ అరుగు పేకాటకు అడ్డా అవుతుంది. ఊళ్లలో కట్టిన చాలా కట్టడాలకు ఈ గతే పట్టింది.

రాసి పెట్టుకోవాలి

మరొక పని ఉంది. దీనికి నిధులు అసలే అక్కరలేదు. ఒకే ఆట ఊరూరికీ కొంచెం తేడాగా ఉంటుంది. చిర్రగోనె దెబ్బకు దూరం కొలిచే లెక్క మాటలు ఒక ఊరివి మరో ఊరివారికి అర్థం కావు. గచ్చకాయల్లో ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క పేరు. వామనగుంటల్లో గుంటకు నాలుగు గింజలా, అయిదా అన్నదీ ఒక్కోచోట ఒక్కోరీతి. బొడ్డెమ్మ పాటలు వాడవాడకూ మారతాయి. ఇవి ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేవు.

ఉన్నత పాఠశాల పిల్లలు ఒక సెలవుల్లో ఈ పని చేయగలరు. ఒక్కొక్కరు తమ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక పెద్దమనిషిని అడిగి, ఒక ఆట నియమాలు, లెక్క మాటలు, గళ్ల బొమ్మ నోటు పుస్తకంలో రాయాలి. ఎక్కడ ఆడేవారు, ఎవరితో ఆడేవారు అన్నది కూడా రాయాలి. ఇందుకు ఫోనునే ఉపయోగించుకోవచ్చు. అవ్వ ఆడుతుంటే చేతులు కనిపించేలా వీడియో తీసి ఉంచితే, రాతలో పట్టుబడని ఒడుపు అందులో పట్టుబడుతుంది. ఈ పుస్తకం ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి పంచాయతీ ఆఫీసులో ఉండాలి. అరుగు మీద చెక్కే గళ్లు ఈ పుస్తకం చూసే చెక్కాలి. అప్పుడు అది ఎక్కడినుంచో తెచ్చిన నమూనా కాక, ఆ ఊరి ఆట అవుతుంది.

ఈ బతుకమ్మకు ముందు

బతుకమ్మకు ఊరు ఎట్లాగూ శుభ్రం చేస్తారు. గుడి ముందు చదును చేస్తారు, చెరువుగట్టుకు దారి బాగుచేస్తారు, దీపాలు పెడతారు. ఆ పనితోపాటే ఒక చెట్టు కింద పది అడుగులు చదును చేసి, సుద్దతో నాలుగు ఆటల గళ్లు గీయించండి. పండుగకు అల్లుళ్లు, బిడ్డలు, మనుమలు పట్నాల నుంచి వస్తారు. ఏడాదిలో మూడు తరాలు ఒక్కచోట ఉండేది ఆ నాలుగు రోజులే. అవ్వలను అక్కడ కూర్చోబెట్టి, చేతిలో చింతగింజలు పెట్టండి.

పండుగ అయ్యాక కూడా పిల్లలు ఆ గళ్ల దగ్గరికి వస్తుంటే, పంచాయతీ అక్కడ రాయి వేయించాలి. గ్రామపెద్దలు, ఉపాధ్యాయులు, మహిళా సంఘాలు, యువజన సంఘాలు కలిసి పూనుకుంటే ఒక్క ఏడాదిలో ఊరికొక ఆటల అరుగు లేస్తుంది. క్రీడా ప్రాంగణాల్లో తుమ్మ చెట్లు కొట్టి, కొంత నీడ, కొన్ని బల్లలు, ఒక దీపం ఏర్పాటు చేయడానికి అధికారులు శ్రద్ధ తీసుకోవాలి.